పెళ్లికూతురి పుట్టుమచ్చ పోయింది, ఇప్పుడేటి చెయ్యాలి?

ప్రశ్న: అన్నా నమస్తే. నాది పర్లాకిమిడి. ఇక్కడే ఒక స్టూడియోలో ఎడిటింగ్ చేస్తున్నాను, మనోళ్ల పెళ్లిళ్లూ ఒడియా వాళ్ల పెళ్లిళ్లూ రెండూ వస్తాయి. మొన్న పాతపట్నం పెళ్లి ఒకటి చేశాం. పెళ్లికూతురికి మొటిమలు ఎక్కువుంటే యూట్యూబ్‌లో దొరికిన ఫ్రీక్వెన్సీ సెపరేషన్ యాక్షన్ (ఒక్క క్లిక్కుతో అన్ని స్టెప్పులూ తనే చేసేది) ఫోటోషాప్‌లో వేసి ముఖం నున్నగా చేసి, మా ఓనరుగారు చెప్పినట్టు కొంచెం తెలుపు కూడా పెంచి ఇచ్చాను. వాళ్ల నాన్నగారు షాపుకొచ్చి, "ఇది మా అమ్మాయి కాదు బాబూ, పెదవి మీద పుట్టుమచ్చ ఏది, బుగ్గచుక్క ఏది, పక్కనున్న మా చిన్నపిల్ల కంటే ఇది తెల్లగా ఎలాగైపోయింది" అని అడిగారు. నేను జేపెగ్ మీదే పని చేసి అదే పేరుతో సేవ్ చేసేశాను. ఫోటో మీద పొరల్లా పెట్టే లేయర్లు వాడమని అందరూ అంటారు, నాకు లేయరు కాపీ తీసే కంట్రోల్ జె తప్ప ఏం తెలీదు. సిస్టమ్ 8 జీబీ రామ్, నాలుగు లేయర్లు పెడితే హ్యాంగ్ అయిపోతాది. మొదట్నుంచీ ఎలాగ చెయ్యాలో చెప్పండి, ఓనరుగారికి ఏం చెప్పాలో కూడా చెప్పండి.

జవాబు: తమ్ముడూ, పాఠం తర్వాత, ముందు ఆ నాన్నగారి ఆల్బమ్ సంగతి తేల్చుకుందాం. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు ఎక్కడైనా ఉందా చూడు. నీ జేపెగ్ పాడైనా షూట్ చేసిన అబ్బాయి దగ్గర కార్డులోనో హార్డ్ డిస్కులోనో ఉండొచ్చు, అతనికి ఫోన్ కొట్టు. కార్డు ఫార్మాట్ చేసేశానంటే కంగారు పడకు, కానీ ఆ కార్డుతో ఇంక ఒక్క ఫోటో కూడా తియ్యొద్దని గట్టిగా చెప్పు, పాత ఫోటోల మీద కొత్తవి పడనంతవరకు ఫోటోరెక్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి లాగే అవకాశం ఉంటాది.

అసలు ఫైలు దొరికితే దాన్ని తెరిచి, కంట్రోల్ ఎ, కంట్రోల్ సి కొట్టి, నీ ఎడిట్ చేసిన ఫోటోలో పేస్ట్ చెయ్. క్రాప్ చెయ్యకపోతే కచ్చితంగా దానిమీదే కూర్చుంటాది, క్రాప్ చేసి ఉంటే రెండు లేయర్లూ సెలెక్ట్ చేసి ఎడిట్ మెనూలో ఆటో అలైన్ లేయర్స్ కొట్టు. తర్వాత ఆల్ట్ పట్టుకుని కింద మాస్క్ గుర్తు నొక్కితే నల్ల మాస్క్ వస్తాది, అంటే పై లేయరు మొత్తం దాక్కుంటాది. ఇప్పుడు చిన్న తెల్ల బ్రష్షుతో పెదవి పైన పుట్టుమచ్చ ఉన్న చోట ఒక్క చుక్క, బుగ్గచుక్క దగ్గర ఇంకో చుక్క పెట్టు, రెండూ బయటకొస్తాయి. కానీ నువ్వు ముఖం తెల్లగా చేశావు కదా, మచ్చ చుట్టూ అసలు రంగు ఒక ఉంగరంలా కనబడుతుంది. దానికి ఆ అసలు లేయరు పైన, వెలుగు పెంచి తగ్గించే కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయరు ఒకటి పెట్టి, ఆ రెండిటి మధ్య గీత మీద ఆల్ట్ క్లిక్ కొడితే కర్వ్స్ దానికొక్కదానికే అంటుకుంటాది, చుట్టూ ఉన్న రంగుతో కలిసేదాకా లేపుకో. ఇదంతా లోపల చిన్నగా పడే ఫోటోలకి. కవర్ ఫోటో, ఫుల్ పేజీ ఫోటోలు మాత్రం మొదట్నుంచీ మళ్లీ చెయ్యి, ఎందుకంటే ఆ తెలుపు కూడా తీసెయ్యాలి, అది అతుకులతో పోదు.

ఇప్పుడు అసలు విషయం. ఆయన అడిగినవి మూడూ మూడు వేరే పనులు చూడు. మచ్చ పోవడం ఒకటి, చుక్క పోవడం ఒకటి, రంగు మారడం ఒకటి. నువ్వు మూడూ ఒకే తొక్క మీద చేశావు కాబట్టి ఒకదాన్ని వెనక్కి తీసుకురావాలంటే మూడూ విప్పాలి. అదే ఒక్కో పనికి ఒక్కో లేయరు ఉండుంటే ఆయన కుర్చీలో కూర్చుని ఉండగానే లేయరు పక్కనున్న కన్ను గుర్తు నొక్కి, ఆ ఒక్కటీ దాచి చూపించేవాడివి. రిటచింగ్‌లో లేయర్లంటే నా లెక్కలో ఇదొక్కటే: కస్టమర్ "ఇది వద్దు" అన్నప్పుడు ఆ ఒక్కటే తియ్యగలగాలి, మిగతా పని పాడవకూడదు. పనితనం తర్వాత వస్తాది.

మన ఇళ్లల్లో తాతగారి ఫోటోకి ఫ్రేమ్ కట్టించి అద్దం మీద బొట్టు పెడతాం కదా, గుడ్డతో తుడిస్తే బొట్టు పోతాది కానీ లోపల తాతగారు అలాగే ఉంటారు. లేయరు అంటే ఆ అద్దం. నువ్వేమో ఇన్నాళ్లూ అద్దం తీసేసి కాగితం మీద పెట్టావు.

ఇది నీ ఒక్కడి అలవాటూ కాదులే. ఫోటోషాప్ 1990లో వచ్చినప్పుడు లేయర్లే లేవు, 1994లో 3.0 తోటి వచ్చాయి. అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో 4.0లో. చాలా అడుగులు వెనక్కెళ్లే హిస్టరీ ప్యానెల్ 1998లో 5.0 దాకా లేదు, ఒక్క అన్‌డూతో బతికారు జనం. హీలింగ్ బ్రష్ అయితే 2002లో 7.0 తో వచ్చింది. అప్పుడు నేర్చుకున్నోళ్ల దగ్గర నేర్చుకున్నోళ్లే మన ఊళ్లలో గురువులు, కాబట్టి క్లోన్ స్టాంపు తీసుకుని నేరుగా ఫోటో మీద కొట్టడం ఇప్పటికీ నడుస్తోంది. అంతకుముందు బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో గీసి ముడతలు తగ్గించేవాళ్లు, అది చాలా ఓపిక పని, తప్పు జరిగితే ఆ నెగెటివ్‌కే నష్టం. మనకి ఆ కష్టం లేదు, ఉన్న సౌకర్యం వాడుకోవాలి అంతే.

సరే పనిలోకి. ఫోటో తెరవగానే బ్యాక్‌గ్రౌండ్ లేయరుకి తాళం గుర్తు ఉంటాది, దాన్ని ముట్టుకోకు, ఎప్పటికీ. కంట్రోల్ జె కొట్టి కాపీ తియ్యాల్సిన పని కూడా లేదు, నీ సిస్టమ్ హ్యాంగ్ అవడానికి సగం కారణం ఆ కంట్రోల్ జె లే. లెక్క చూడు, 24 మెగాపిక్సెల్ ఫోటో అంటే 6000 బై 4000, మామూలు జేపెగ్‌లా 8 బిట్‌లో ఒక నిండు లేయరు దాదాపు 72 ఎంబీ, 16 బిట్ అయితే 144. నాలుగుసార్లు కంట్రోల్ జె కొడితే ఏమవుతాదో నువ్వే చూశావు. దాని బదులు కంట్రోల్ షిఫ్ట్ ఎన్ కొట్టి ఖాళీ లేయరు తీసుకో. ఖాళీ లేయరు నువ్వు బ్రష్షు పెట్టిన చోటే బరువు, మొటిమలు తీసిన లేయరు కొన్ని ఎంబీలు కూడా ఉండదు. కర్వ్స్, హ్యూ సాచురేషన్ లాంటి అడ్జస్ట్‌మెంట్ లేయర్లలో పిక్సెల్సే ఉండవు, మాస్కు ఒక్కటే.

మొదటి ఖాళీ లేయరుకి "గుర్తులు" అని పేరు పెట్టు. దీన్ని చాలామంది చెయ్యరు, నువ్వు మాత్రం చెయ్యి, నీ గొడవంతా ఇక్కడే ఆగేది. ఎరుపు బ్రష్షు తీసుకుని ముఖం మీద ఒగ్గెయ్యాల్సినవాటి చుట్టూ సున్నాలు చుట్టు, ఆకుపచ్చతో తియ్యాల్సినవాటి చుట్టూ. ఎలాగ తెలుస్తాది అంటే, పది రోజుల్లో పోయేది తియ్యొచ్చు, పుట్టుకతో వచ్చిందీ కావాలని పెట్టుకున్నదీ ఉండాలి. మొటిమ, దోమ కుట్టిన దద్దురు, చెమట మెరుపు, కాటుక కారిన గీత, అక్షింతల బియ్యపు గింజ చెంపకి అంటుకుంటే అదీ, ఇవన్నీ ఆకుపచ్చ. పుట్టుమచ్చ, చిన్నప్పటి దెబ్బ మచ్చ, సొట్ట ఎరుపు. బుగ్గచుక్క, నుదుట కల్యాణం బొట్టు ఎరుపు. ఒడియా పెళ్లికూతుళ్లకి కనుబొమ్మల పైన వరసగా తెల్ల చందనం చుక్కలు పెడతారు కదా, వాటిని ఆటోమేటిక్ యాప్‌లు, ఏఐ స్కిన్ టూల్సు మచ్చలనుకుని తుడిచేస్తాయి, ఒక పక్క ఎనిమిది ఒక పక్క ఐదు మిగులుతాయి, చూడ్డానికి ఘోరంగా ఉంటాది. బుగ్గచుక్క అయితే ఆ టూలుకి మచ్చకన్నా మచ్చలాగే కనబడుతుంది. మనోళ్ల ఆచారం దానికి ఎవరూ నేర్పలేదు మరి.

గుమ్మ వైపు నుంచి సవర అవ్వలు ఫోటో దిగడానికి వచ్చినా, రాయగడ నుంచి కొంధు ఆడవాళ్ల ఫోటో వచ్చినా ముఖం మీద పచ్చబొట్లు ఉంటాయి, అవి మరకలు కావు, క్లీన్ చేసి ఇవ్వకు. ముడతలూ అంతే. అవ్వ ముఖంలో ముడతలు తీసేస్తే మనవళ్లు గుర్తుపట్టరు. సందేహం ఉన్న గుర్తుకి పసుపు సున్నా చుట్టి, ఫోటో తీసి ఇంటోళ్లకి వాట్సాప్‌లో పెట్టి అడిగెయ్, సిగ్గేటి. తర్వాత ఆ లేయరు కన్ను మూసెయ్, డిలీట్ చెయ్యకు.

రెండో ఖాళీ లేయరు "మచ్చలు". ఇక్కడ హీలింగ్ బ్రష్ తీసుకుని పైన శాంపిల్ అన్న దగ్గర కరెంట్ అండ్ బిలో పెట్టు. అప్పుడు అది కింద ఉన్న ఫోటోలోంచి చర్మం తీసుకుని నీ ఖాళీ లేయరు మీద వేస్తాది. స్పాట్ హీలింగ్ వాడితే శాంపిల్ ఆల్ లేయర్స్ టిక్ పెట్టాలి, అయితే దానికో తిరకాసు ఉంది, పైన కర్వ్స్ లాంటివి ఆన్‌లో ఉంటే వాటి ఎఫెక్టుతో సహా తీసుకుని మళ్లీ కింద వేస్తాది, పైనున్న కర్వ్స్ దానిమీద ఇంకోసారి పని చేస్తాది, ఆ చుక్క తేలిపోతాది. "హీల్ చేస్తే తెల్ల మచ్చలు పడుతున్నాయి అన్నా" అని అడిగేవాళ్లలో చాలామందిది ఇదే సమస్య. అందుకే మచ్చల పని ముందు, రంగుల పని తర్వాత.

బ్రష్షు మొటిమకంటే కొంచెం పెద్దగా ఉంటే చాలు. ఒక్కో మొటిమకి ఒక్కో క్లిక్కు, గీతలు లాగకు, లాగితే చర్మం సూక్ష్మరంధ్రాలు ఒకేలా రిపీటవుతాయి. నుదుటి మీద మొటిమకి నుదుటి చర్మమే, బుగ్గ మీదదానికి బుగ్గ చర్మమే ఆల్ట్ క్లిక్ తో తీసుకో, ముక్కు చర్మం గరుకు వేరు, కంటికింద చర్మం వేరు. 100 పర్సెంట్ జూమ్‌లో పని చెయ్. 300లో పెట్టుకుని కూర్చుంటే ప్రతి రంధ్రమూ మొటిమలాగే కనబడతాది, గంట పోతాది, ప్రింటులో ఎవడికీ తెలీదు కూడా.

కంటి కింద నలుపుకి మూడో లేయరు వేరేగా తీసుకో. అక్కడ హీలింగో ప్యాచో చేసి మొత్తం తీసేశాక లేయరు ఒపాసిటీ, అంటే అది ఎంత గట్టిగా కనబడాలన్నది, 40, 50 పర్సెంట్‌కి దించెయ్. మనుషులకి కంటికింద కొంచెం నీడ ఉంటాది, అది పూర్తిగా పోతే కళ్లు ముఖం మీద అతికించినట్టుంటాయి. పెళ్లంటే రాత్రంతా మేలుకుంటారు, ఆమాత్రం అలసట ఉండనీ.

ఇప్పుడు నున్నదనం సంగతి. నువ్వు వేసిన ఆ యాక్షన్ ఏం చేస్తాదో తెలుసుకుంటే నీకే విరక్తి పుడతాది. ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌లో ఫోటోని రెండు లేయర్లుగా విడగొడతారు, కింద లేయరు గాసియన్ బ్లర్ చేసింది, అందులో రంగూ వెలుగునీడలూ ఉంటాయి. పైన లేయరులో రంధ్రాలు, వెంట్రుకలు, సన్న గీతలు. అప్లై ఇమేజ్‌లో 8 బిట్ ఫోటోకి సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. 16 బిట్ అయితే యాడ్ పెట్టి ఇన్వర్ట్ టిక్ చేసి స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. తర్వాత పై లేయరు మోడ్, అంటే కింద లేయరుతో కలిసే పద్ధతి, లీనియర్ లైట్. ఇంతవరకు ఫోటోలో ఏ మార్పూ కనబడకూడదు, కనబడితే ఎక్కడో తప్పు పోయింది. విద్య మంచిదే, చెడిపోయేది ఆ తర్వాత, కింద లేయరుని పెద్ద బ్లర్‌తో మళ్లీ కడిగేస్తారు. ముక్కు పక్క నీడ, బుగ్గ ఎత్తు, గడ్డం కింద గుంట, ఇవన్నీ ఆ కింద లేయరులోనే ఉన్నాయి, అవి కడిగేస్తే ముఖం చదునైపోతాది, పైన మాత్రం రంధ్రాలు అలాగే ఉంటాయి, అందుకే ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయినా చూసినోడికి ఏదో తేడాగా అనిపిస్తాది. ఆ నాన్నగారికి అనిపించింది కూడా అదే. పైగా యాక్షన్‌లో బ్లర్ నంబరు ఒకటే ఉంటాది, క్లోజప్‌కీ, ఇరవైమంది గ్రూపు ఫోటోకీ అదే నంబరు ఎలాగ సరిపోతాది చెప్పు. నీకు తప్పనిసరిగా వాడాలనిపిస్తే, రంధ్రాలు అప్పుడే కనబడకుండా పోయే చిన్న నంబరు దగ్గర ఆగు, కింద లేయరులో మొత్తం ముఖం కాకుండా ఒక్కో మచ్చ చోటు లాసోతో అంచులు మెత్తగా సెలెక్ట్ చేసి కొంచెం బ్లర్ ఇవ్వు.

నేనైతే దానికన్నా డాడ్జ్ అండ్ బర్న్, అంటే కావాల్సిన చోటే వెలుగు పెంచడం తగ్గించడం, నేర్చుకోమంటాను. నెమ్మదిగా వస్తాది గానీ వచ్చాక ఇంకేదీ వాడబుద్ధి కాదు. రెండు కర్వ్స్ లేయర్లు పెట్టు. ఒకదాంట్లో మధ్య బిందువు కొంచెం పైకి, పేరు "వెలుగు". ఇంకోదాంట్లో కొంచెం కిందకి, పేరు "నీడ". రెండిటి మాస్కులూ కంట్రోల్ ఐ కొట్టి నల్లగా చేసెయ్. మెత్తటి తెల్ల బ్రష్షు, ఫ్లో, అంటే ఒక్క తడుముకి పడే రంగు, 2 లేదా 3 పర్సెంట్, అంతకంటే ఎక్కువొద్దు. అన్నిటికన్నా పైన ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయరు పెట్టుకో, అది సాయానికి మాత్రమే, రంగులు పోయాక ముఖం మీద ఎక్కడ నల్ల మచ్చలా ఉంది ఎక్కడ మెరుస్తోంది అన్నది బాగా తెలుస్తాది. ఇప్పుడు మొటిమ మానిన మచ్చ ఒకటి చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా ఉందనుకో, "వెలుగు" మాస్కు మీద ఆ మచ్చ మీదే, మచ్చ అంతే బ్రష్షుతో, నాలుగైదుసార్లు మెల్లగా తడుము. అది చుట్టుపక్కల చర్మంలో కలిసిపోతాది, రంధ్రం ఒక్కటీ పోదు. బుగ్గ గతుకుగా ఉందంటే దాని అర్థం నల్ల చుక్కలూ తెల్ల చుక్కలూ పక్కపక్కనే ఉండడమే, నల్లవి లేపి తెల్లవి దించితే గతుకు లేదు. ఎక్కువైపోయిందనిపిస్తే నల్ల బ్రష్షుతో మాస్కు మీద తుడువు, లేదా లేయరు ఒపాసిటీ దించు. మధ్యమధ్యలో జూమ్ 33కి తగ్గించి చూస్తూ ఉండు, దూరం నుంచి బాగుందంటే ఆపెయ్.

చెమట మెరుపు మీద ఒక మాట. మే నెల పెళ్లి, హోమం పొగ, వీడియో లైటు, నుదురూ ముక్కూ మెరవకుండా ఎలాగుంటాయి. మొత్తం తీసేస్తే ముఖం పిండిలా అయిపోతాది. ఖాళీ లేయరు, మోడ్ డార్కెన్, పక్కనున్న చర్మం రంగు ఆల్ట్‌తో తీసుకుని ఫ్లో 5తో మెరుపు మీద పల్చగా పుయ్యి, తర్వాత ఒపాసిటీ సగానికి దించు.

రంగు దగ్గరకొస్తే మన ప్రాంతంలో రెండు తంటాలు. ఒకటి పసుపు. మంగళస్నానానికి రాసిన పసుపు జుట్టు మొదట్లోనూ చెవుల దగ్గరా రెండ్రోజులు వదలదు, ఫ్లాష్ పడితే ఇంకా కొడుతుంది. హ్యూ సాచురేషన్ లేయరు తీసుకుని, మాస్టర్ బదులు ఎల్లోస్ ఎంచుకుని సాచురేషన్ కొంచెం దించి, మాస్కు నల్లగా చేసి, ఎక్కువ పసుపున్న చోటే తెల్ల బ్రష్షుతో చూపించు. పూర్తిగా తీసెయ్యకు, పెళ్లికూతురి ముఖాన పసుపు ఛాయ ఉంటేనే కళ. రెండోది పట్టుచీర. బరంపురం పట్టు ఎర్రగా మెరుస్తూ ఉంటాది, దానిమీద పడిన లైటు ఎదురు తిరిగి గడ్డం కిందా మెడ మీదా ఎర్రగా పడతాది, మెడకి ఏదో ఎలర్జీ వచ్చినట్టు. ఖాళీ లేయరు తీసుకుని మోడ్ కలర్ అని పెట్టు, బుగ్గ మీద మంచి రంగు ఉన్న చోట ఆల్ట్ క్లిక్ కొట్టి, ఫ్లో 5 తో మెడ మీద పుయ్యి. కలర్ మోడ్ వెలుగునీడలు ముట్టుకోదు, రంగు ఒక్కటే మారుస్తాది, కాబట్టి మెడ గొలుసు నీడ అలాగే ఉంటాది. గొలుసు మీద మాత్రం పుయ్యకు, బంగారం చర్మం రంగైపోతాది. చంద్రగిరి కొండల్లో ప్రీ వెడ్డింగ్ తీస్తే ఇదే ఎరుపు బదులు గడ్డి ఆకుపచ్చ పడతాది, మందు ఒకటే.

ఇంక మీ ఓనరుగారి తెలుపు. ముఖం మీద లైటు తక్కువ పడితే వెలుగు పెంచడం న్యాయమైన పని, కర్వ్స్ పెట్టి మోడ్ లూమినాసిటీ చేసి కొంచెం లేపితే ముఖం తేటగా ఉంటాది, రంగు మారదు. మనిషి రంగు మార్చడం వేరే పని, అది రిటచింగ్ కాదు. ఎక్కడ గీత దాటావో తెలియాలంటే ఎఫ్8 కొడితే ఇన్ఫో ప్యానెల్ వస్తాది, బుగ్గ మీద మౌస్ పెట్టి అంకెలు చూడు. నల్లటివాళ్లైనా తెల్లటివాళ్లైనా మామూలు లైటులో చర్మానికి ఎరుపు అంకె పెద్దది, తర్వాత ఆకుపచ్చ, నీలం అన్నిటికన్నా చిన్నది. తెలుపు పెంచేకొద్దీ మూడూ దగ్గరకొచ్చేస్తాయి, ముఖం బూడిద పూసినట్టవుతాది. మూడూ 245 దాటాయంటే అక్కడ ప్రింటులో దాదాపు ఉత్త కాగితమే. ఇంకో పరీక్ష చేతులు. ముఖం తెల్లగా చేసి, గోరింటాకు పెట్టుకున్న చేతుల్ని అలాగే ఒగ్గేస్తే ఆ చేతులు వేరే మనిషివి. నీ ఫోటోలో పక్కనున్న చెల్లెలే పట్టిచ్చింది. గ్రూపు ఫోటోలో ఒక్కరినే ఎప్పుడూ తెల్లగా చెయ్యకు, అక్కాచెల్లెళ్ల మధ్య అసలే చెయ్యకు, ఫోటో ఇంట్లో ఇరవై ఏళ్లు గోడకి ఉంటాది, చూసినప్పుడల్లా ఆ చిన్నపిల్లకి ఏమనిపిస్తాది.

పాస్‌పోర్టు ఫోటోలకి ఇదేదీ వద్దు. పాస్‌పోర్టు ఫోటోని సాఫ్ట్‌వేర్‌తో మార్చకూడదన్నది రూలు. పెళ్లి ఫోటోలో మచ్చ పోతే నాన్నగారు అడిగారు, ఇక్కడ పోతే కౌంటర్లో అడుగుతారు.

హ్యాంగ్ సమస్యకి ఇంకొంచెం. ఆల్బమ్ షీటు మీద రిటచింగ్ చెయ్యకు. 12 బై 36 షీటు 300 డీపీఐలో 3600 బై 10800 పిక్సెల్స్, ఒక్క నిండు లేయరే దాదాపు 117 ఎంబీ, దానిమీద లేయర్లు పెడితే 8 జీబీ ఏమూలకి. ఒక్కో ఫోటోని విడిగా రిటచ్ చేసి, లేయర్లతో సహా ఉండే పీఎస్‌డీ ఫైలుగా దాచుకో, దాన్నుంచి జేపెగ్ కాపీ ఎస్ఆర్‌జీబీ అనే మామూలు కలర్ ప్రొఫైల్‌లో తీసి షీటులో పెట్టు. ప్రిఫరెన్సెస్‌లో హిస్టరీ స్టేట్స్ 20కి దించు, రామ్ చాలనప్పుడు ఫోటోషాప్ వాడుకునే స్క్రాచ్ డిస్క్ ఎస్ఎస్‌డీ మీద పెట్టు. డాడ్జ్ బర్న్ ఆల్బమ్‌లో ప్రతి ఫోటోకీ చెయ్యమని నేను చెప్పట్లేదు, కవరు, ఫుల్ పేజీలు, తాళి కట్టేది, వీటికి చాలు. మిగతావాటికి ఫోటోషాప్‌తో వచ్చే క్యామెరా రా టూల్లో రంగు సరిచేసి అన్నిటికీ ఒకేసారి సింక్ కొట్టెయ్, పెద్ద మొటిమ ఉంటే ఒక క్లిక్కు, బేగా అయిపోతాది. ఫోటోషాప్‌కి డబ్బు కట్టలేకపోతే జింప్ ఉచితం, లేయర్లూ మాస్కులూ హీల్ టూలూ అన్నీ ఉన్నాయి, ఖాళీ లేయరు మీద హీల్ చెయ్యడానికి శాంపిల్ మెర్జ్‌డ్ టిక్ పెట్టాలంతే. 2025లో వచ్చిన 3.0లో ఫిల్టర్లు కూడా అసలు పిక్సెల్స్ చెడగొట్టకుండా వెయ్యొచ్చు. ఫోటోపీ అని బ్రౌజర్‌లో నడిచేది ఒకటుంది, అది పీఎస్‌డీ ఫైళ్లు కూడా తెరుస్తాది, అయితే దాన్ని తెరవడానికి నెట్ ఉండాలి.

ఓనరుగారితో వాదన పెట్టుకోకు, ఆయనకి ఆయన లెక్కలుంటాయి, తెలుపు అడిగే కస్టమర్లూ నిజంగానే ఉంటారు. ఒకే ఫోటో రెండు రకాలుగా 4 బై 6 ప్రింట్లు తీయించు, ఒకటి ఆయన చెప్పినట్టు, ఇంకోటి ఇప్పుడు చెప్పినట్టు. స్క్రీన్ మీద చూపించకు, ప్రింటే చూపించు, తెలుపు ఎక్కువైన ముఖం ప్రింటులో ఇంకా పాలిపోతాది. కౌంటరు మీద పక్కపక్కన పెట్టి, వచ్చిన కస్టమర్నే ఎంచుకోమనండి అని ఆయనకే చెప్పు. కస్టమర్ తెలుపే ఎంచుకుంటే ఇచ్చెయ్, నీ దగ్గర అది వేరే లేయరు మీద ఉంటాది కాబట్టి రేపు వాళ్లమ్మగారొచ్చి వద్దంటే ఆ కన్నొక్కటి మూస్తావు. పీఎస్‌డీలు మాత్రం ఆల్బమ్ డెలివరీ అయ్యి బ్యాలెన్సు డబ్బులు చేతిలో పడేదాకా డిలీట్ చెయ్యకు, పేరు కూడా పెళ్లి తేదీతో పెట్టుకో, ఫైనల్, ఫైనల్ టూ, లాస్ట్ ఫైనల్ అని పెడితే నీకే దొరకవు.